గేటు దగ్గర ఆగిన మనిషి

కురుమూర్తి జాతర అయిపోయిందంటే మా బడిలో హాజరు పట్టీ మారిపోయేది. మేస్త్రీల దగ్గర అడ్వాన్సు తీసుకున్న ఇళ్ళవాళ్ళు మూటలు కట్టుకొని లారీలెక్కేవాళ్ళు. కొందరు బొంబాయికి, కొందరు పుణెకు, కొందరు పేరు కూడా సరిగ్గా తెలియని ఏదో కాలువ పనికి. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా 'పాలమూరు లేబర్' అంటే తెలియనివాళ్ళు ఉండరు. చంటిపిల్లలు అమ్మానాన్నలతోనే పోయేవాళ్ళు. కాస్త ఎదిగినవాళ్ళను, నాలుగు అక్షరాలు వస్తాయన్న ఆశ ఉన్నవాళ్ళను అవ్వ దగ్గరో తాత దగ్గరో వదిలిపెట్టేవాళ్ళు.

మా ఊరు దేవరకద్ర నుంచి మక్తల్ పోయే రోడ్డుకు కొంచెం లోపలికి ఉంటుంది. అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2019 నుంచి నారాయణపేట జిల్లా. 1993లో నేను అక్కడి జెడ్పీ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. మా నాన్న బస్టాండు దగ్గర బట్టలు కుట్టేవాడు కాబట్టి మాకు వలస తప్పింది. బెంచీ మీద నా పక్కన కూర్చునే నా దోస్తుకు తప్పలేదు. వాళ్ళ అమ్మానాయన ఆ ఏడు కూడా పుణె పోయారు. తను అవ్వతో ఉండిపోయింది.

ఆ ఏడాది మాకు ఇంగ్లీష్ చెప్పిన సార్ గురించి, ఆయన చెప్పిన ఒక కథ గురించి రాయాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను. ఇప్పుడు నేను కూడా ఇంగ్లీష్ టీచర్నే. నా పనిలో నాకు నమ్మకంగా తెలిసిన విషయాలు ఏమైనా ఉన్నాయంటే అవి ఆ కొన్ని పీరియడ్లలో తెలిసినవే.

అప్పటిదాకా ఇంగ్లీష్ అంటే మాకు ఒకటే పద్ధతి. టీచరు ఒక వాక్యం చదివి దాని అర్థం తెలుగులో చెప్పేవారు. మేం కొత్త పదాలు ఒక వరసలో, వాటి అర్థాలు పక్క వరసలో రాసుకునేవాళ్ళం. మర్నాడు అప్పజెప్పేవాళ్ళం. అప్పజెప్పి కూర్చునేసరికి అవి మనసులోంచి పోయేవి. ప్రశ్నలకు జవాబులు గైడులో ఉండేవి, బట్టీ పట్టేవాళ్ళం. పదో తరగతిలో 35 మార్కులు ఎట్లా తెచ్చుకోవాలా అన్న టెన్షన్ తప్ప ఆ భాషతో మాకు ఇంకే సంబంధమూ లేదు.

కొత్త సార్‌ది వనపర్తి దిక్కు. ఊళ్ళోనే ఒక గది కిరాయికి తీసుకొని ఉండేవారు. వచ్చిన మొదట్లో ఆయన కూడా పుస్తకమే చెప్పారు. జాతర అయిపోయి తరగతి పలచబడ్డాక ఒకరోజు అట్ట ఊడిపోయిన పాత పుస్తకం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. తెరవలేదు. బోర్డు మీద ఇంగ్లీషులో పది మాటలు రాశారు. సోల్జర్, ఫకీర్, మంకీ, విష్, ఫైర్, పౌండ్స్, మెషీన్, గ్రేవ్, బోల్ట్, నాక్.

"వీటికి అర్థాలు నేను చెప్పను. తెలిసినోళ్ళు తెలియనోళ్ళకు చెప్పండి. ఈ పదీ ఒకే కథలో ఉన్నయ్. ఆ కథ ఏమై ఉంటదో మీరు చెప్పాలె" అన్నారు.

ముందు ఎవ్వరూ నోరు తెరవలేదు. తర్వాత వెనక బెంచీ నుంచి ఎవరో "సార్, ఫకీరు మన మాటనే కద సార్?" అన్నారు. క్లాసంతా నవ్వింది. సార్ కూడా నవ్వారు. "మన మాటనే. ఇంగ్లీషాయన కథల గట్లనే రాసుకున్నడు. ఫకీరు మన దేశపోడే" అన్నారు. దాంతో మాకు ధైర్యం వచ్చింది. పీర్ల పండుగ మా దిక్కు ఊరందరి పండుగ. ఫకీర్లు ఊళ్ళోకి రావడం, నెమలీకల కట్టతో దీవించడం, సాంబ్రాణి పొగ వేయడం, తాయెత్తు కట్టడం అందరం చూసినవే. ఇంగ్లీషు కథలో మేం ముందే ఎరిగిన మనిషి ఒకడు ఉన్నాడని తెలిసేసరికి ఆ కథ మాదే అన్నట్టు అనిపించింది.

ఇక అందరూ మొదలుపెట్టారు. సోల్జర్ కోతిని కాలుస్తాడని ఒకరు, ఫకీరు కోతిని ఆడిస్తాడని ఒకరు. 'మెషీన్' అనగానే నాకు నాన్న కుట్టుమిషను గుర్తొచ్చింది. ఇంకొకరు పిండిగిర్నీ అన్నారు. చివరి బెంచీలో ఎప్పుడూ మాట్లాడని ఒక అబ్బాయి "మిల్లర్ సార్" అన్నాడు. సిమెంటు, కంకర, ఇసుక కలిపే యంత్రాన్ని పనిమీద ఉండేవాళ్ళు మిల్లర్ అనే అంటారు. సార్ అవన్నీ బోర్డు మీద 'మెషీన్' కిందనే రాశారు. ఏదీ తప్పని కొట్టేయలేదు.

ఆయన పెట్టిన నియమం ఒకటుంది. ఏమవుతుందో ఊరికే చెబితే ఒప్పుకోరు. ఎందుకు అట్లా అనుకుంటున్నావో చెప్పాలి. ఆ చెప్పే మాటలో బోర్డు మీది మాటలు కనీసం రెండు రావాలి. మిగతాదంతా తెలుగే అయినా ఫరవాలేదు. "సోల్జర్ దాన్ని ఫైర్‌ల పారేస్తడు సార్" అని మేమంటే, ఆయన అదే మాటను పూర్తి ఇంగ్లీష్ వాక్యంగా చేసి బోర్డు మీద రాసేవారు. కింద మా పేరు పెట్టేవారు. ఇంగ్లీషు వాక్యం కింద పేరు చూసుకోవడం మాలో ఎవరికీ అంతకుముందు జరగలేదు.

ఆ కథ ఏమిటో పెద్దయ్యాక తెలిసింది. డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ అనే ఇంగ్లండు రచయిత 1902లో రాసిన 'ది మంకీస్ పా'. సార్ దాన్ని మాకోసం చిన్న చిన్న వాక్యాలుగా మార్చి చదివేవారు, మధ్యమధ్య తెలుగులో చెప్పేవారు. కానీ కథలో ఏ ముక్కా తీసేయలేదు, ఇంగ్లండును తెచ్చి పాలమూరులో పెట్టలేదు. వాళ్ళ ఇల్లు వాళ్ళ ఇల్లులాగే ఉంది, వాళ్ళ చలి వాళ్ళ చలిలాగే ఉంది.

వాన కురుస్తున్న చలి రాత్రి. తండ్రీ కొడుకూ చదరంగం ఆడుతుంటారు. తల్లి పొయ్యి మంట దగ్గర కూర్చొని అల్లుతుంటుంది. 21 ఏళ్ళు ఇండియాలో పనిచేసి వచ్చిన ఒక సిపాయి ఆ ఇంటికి వస్తాడు. అతని జేబులో ఎండిపోయిన కోతి చెయ్యి ఒకటి ఉంటుంది. ఒక ఫకీరు దానికి మంత్రం వేశాడు. ముగ్గురు మనుషులకు తలా మూడు కోరికలు తీరుస్తుంది. నొసటి రాతను తప్పించబోతే ఏడవాల్సి వస్తుందని చూపించడానికే ఫకీరు ఆ పని చేశాడట. దాన్ని మొదట వాడినవాడు మూడో కోరికగా చావు కోరుకున్నాడు. ఈ మాట చెప్పి సిపాయి ఆ చేతిని మంటలో పారేస్తాడు. ముసలాయన గబుక్కున వంగి తీసేస్తాడు.

సార్ అక్కడ ఆపారు. "ఇప్పుడు ఆ ముసలాయన ఏం కోరుకుంటడు?"

బంగారం, పెద్ద ఇల్లు, మోటారు కారు, బోరులో నీళ్ళు. అన్నీ మా కోరికలే. సార్ ఒప్పుకోలేదు. "మీకేం కావాల్నో అడుగుతలేను. ఆ ఇంటికి ఏం తక్కువైందో కథల వెతకండి" అని చదివిన భాగాన్ని మళ్ళీ చదివారు. ఈసారి అందరం చెవులు రిక్కించి విన్నాం. ఆ ఇంట్లో ముగ్గురికీ ఒకరంటే ఒకరికి ఇష్టం, తినడానికి ఉంది, కొడుకుకు ఫ్యాక్టరీలో పని ఉంది. ఇల్లు మాత్రం అప్పులో ఉంది. ఆ అప్పు తీరితే చాలు కదా నాన్నా అని కొడుకే అంటాడు. 200 పౌండ్లు.

"సార్, 200 పౌండ్లంటే మన పైసలెన్ని?" అని ఎవరో అడిగారు. ఆ కాలంలో ఒక పౌండుకు 15 రూపాయలని, అంటే మూడు వేలని సార్ చెప్పారు. "గంతేనా సార్!" అన్నారు సగంమంది. మిల్లర్ అన్న ఆ అబ్బాయి మాత్రం నెమ్మదిగా "మేస్త్రీ అడ్వాన్సంత" అన్నాడు. అప్పు కోసం ఒక ఇల్లు ఏం చేస్తుందో తెలిసిన పిల్లలు తరగతిలో చాలామందే ఉన్నారు. ఆ మాట తర్వాత 200 పౌండ్లను ఎవరూ తక్కువగా చూడలేదు.

ముసలాయన కోరుకుంటాడు. కోతి చెయ్యి అతని చేతిలో పాములా మెలికపడుతుంది. డబ్బు మాత్రం రాదు. తెల్లారుతుంది. కొడుకు నవ్వుకుంటూ పనికి పోతాడు. పొద్దు గడుస్తుంది. తల్లి కిటికీలోంచి చూస్తే బయట ఎవరో మనిషి. మంచి బట్టలు, కొత్త టోపీ. గేటు దాకా వస్తాడు, ఆగుతాడు, ముందుకు పోతాడు. మూడుసార్లు అట్లాగే చేస్తాడు. నాలుగోసారి గేటు మీద చెయ్యి వేసి నిలబడతాడు.

సార్ పుస్తకం మూసేశారు. అప్పటికి గంట కూడా కొట్టలేదు. "ఈ మనిషెవరు? ఏం తెచ్చిండు? రేపు రాసుకొని రండి" అని బయటికి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా చిన్నమ్మ వారపత్రికల్లో సీరియల్స్ చదివేది. 'వచ్చే వారం' అన్న చోట ఆగిపోయి ఆమె పడే అవస్థ చూసి నవ్వుకునేదాన్ని. ఆ రోజు అది నాకు అర్థమైంది. కానీ సీరియల్ కోసం ఎదురుచూడటానికీ దీనికీ తేడా ఉంది. నేను జవాబు రాయాలి, కారణం చూపించాలి. అందుకని ఆ మనిషిని కళ్ళముందు పెట్టుకొని మళ్ళీ మళ్ళీ చూశాను. మంచి బట్టలున్నాయి కాబట్టి బ్యాంకు మనిషి, డబ్బు తెచ్చాడు. ఇల్లు ఇదో కాదో తెలియక గేటు దగ్గర ఆగాడు. అట్లా రాసుకుపోయాను.

మర్నాడు అందరివీ సార్ చదివించారు. పోస్ట్‌మ్యాన్ మనీఆర్డర్ తెచ్చాడు. లాటరీ తగిలింది. ఎల్ఐసీ మనిషి. సిపాయే వేషం మార్చుకొని వచ్చాడు. సార్ ప్రతిదానికీ "ఎందుకట్ల?" అంటూ పోయారు. చివరి బెంచీ వంతు వచ్చింది. ఆ అబ్బాయి ఏమీ రాసుకురాలేదు. లేచి నిలబడ్డాడు.

"కంపెనీ మనిషి సార్. పైసలు తెచ్చిండు. వాళ్ళ కొడుకు పనికాడ సచ్చిపోయిండు."

క్లాసులో చప్పుడు లేదు. సార్ మెల్లగా "ఎట్ల చెప్పగలిగినవ్ రా?" అన్నారు.

"మంచి మాట తెచ్చేటోడు గేటుకాడ ఆగడు సార్, లోపలికి ఉరికొస్తడు. గీయన మూడుసార్లు ఆగిండు. మా మామ పోయినప్పుడు మేస్త్రీ గట్లనే మా ఇంటి ముంగట నిలబడ్డడు. కొత్త బట్టలేసుకొని వచ్చిండు."

సార్ ఏమీ అనలేదు. కరెక్టు అని కూడా అనలేదు. కాసేపు బల్ల మీద చెయ్యి పెట్టుకొని నిలబడి, తర్వాత పుస్తకం తెరిచి చదివారు. అంతా అతను చెప్పినట్టే ఉంది. వచ్చినవాడు ఫ్యాక్టరీ మనిషి. కొడుకు యంత్రంలో చిక్కుకొని చనిపోయాడు. ఇందులో తమ బాధ్యత ఏమీ లేదని కంపెనీ చెప్పమంది. అయినా అతను చేసిన పనిని తలచి కొంత డబ్బు ఇస్తుంది. ఎంత అని తండ్రి అడుగుతాడు. 200 పౌండ్లు.

ఆ పీరియడులో బోర్డు మీదికి పదకొండో మాట ఒకటి వచ్చింది, కాంపెన్సేషన్. నష్టపరిహారం అని మాలో ఎవరో వెంటనే చెప్పేశారు. జూరాల ప్రాజెక్టు కింద భూములు మునిగినవాళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్నారు. ఆ మాట ఇళ్ళలో రోజూ వినబడేదే. అంత పొడుగు ఇంగ్లీషు మాటను స్పెల్లింగుతో సహా మేం ఒక్కసారికే నేర్చుకున్నాం. ఆ తర్వాత దాన్ని ఎవరూ మళ్ళీ అప్పజెప్పమని అడగలేదు, అయినా నేను మర్చిపోలేదు. పదాలు ఎట్లా నిలుస్తాయని టీచర్ల ట్రైనింగులో ఎవరు మాట్లాడినా నాకు ఆ పీరియడే గుర్తొస్తుంది. ముందు ఆ మాట కోసం మనసులో ఒక ఖాళీ ఏర్పడాలి. గేటు దగ్గర నిలబడ్డ మనిషి చేతిలో ఏముందో తెలుసుకోవాలని రాత్రంతా తపించినవాళ్ళకు ఆ మాట దొరికింది. అందుకే ఉండిపోయింది.

ఇంకో సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది. అప్పటిదాకా తరగతిలో 'తెలివైనవాళ్ళు' అంటే నాలాంటి నలుగురం. బట్టీ బాగా వచ్చినవాళ్ళం. ఆ రోజు కథను అందరికన్నా లోతుగా చదివింది చదవడం సరిగ్గా రాదనుకున్న అబ్బాయి. ముందేం జరుగుతుందో ఊహించడమంటే గాలిలో బాణం వేయడం కాదు. కథలో రచయిత వదిలిన గుర్తును చూడాలి, దాన్ని తన బతుకులో చూసినదానితో కలపాలి. ఆ రెండోది అతని దగ్గర మా అందరికన్నా ఎక్కువుంది. దాన్ని ఏ గైడూ ఇవ్వలేదు. దాన్ని అడిగిన సార్ కూడా అంతకుముందు ఎవరూ లేరు.

చివరి భాగం శనివారం చదివారు. కొడుకును రెండు మైళ్ళ దూరంలోని శ్మశానంలో పాతిపెట్టి వస్తారు. రోజులు గడుస్తాయి. ఒక రాత్రి తల్లి ఉలిక్కిపడి లేస్తుంది. ఇంకా రెండు కోరికలు మిగిలే ఉన్నాయి కదా! భర్తను బలవంతపెట్టి కొడుకు తిరిగి బతకాలని కోరుకునేలా చేస్తుంది. ఆయనకు భయం. యంత్రంలో నలిగిన కొడుకు శవాన్ని బట్టలను బట్టే గుర్తుపట్టగలిగాడు ఆయన. ఇద్దరూ ఎదురుచూస్తారు. ఏమీ జరగదు. పడుకుంటారు. అప్పుడు తలుపు మీద ఎవరో మెల్లగా కొట్టినట్టు చప్పుడు. తర్వాత ఇంకాస్త గట్టిగా. తల్లి కిందికి పరుగెత్తుతుంది. గొలుసు తీస్తుంది, కింది గొళ్ళెం తీస్తుంది, పై గొళ్ళెం అందక కుర్చీ లాగుతుంది. పైన గదిలో ముసలాయన చీకట్లో నేల తడుముతూ కోతి చెయ్యి కోసం వెతుకుతుంటాడు.

'బోల్ట్' అంటే ఏమిటో సార్ చెప్పలేదు, మేం అడగలేదు. పై గొళ్ళెం అందని ఆడమనిషి కళ్ళముందు కనిపిస్తుంటే ఇక అడిగేదేముంది?

"తలుపు తెరవాల్నా, వద్దా? తెరవాలనేటోళ్ళు చెయ్యి ఎత్తండి."

నేను ఎత్తలేదు. బయట ఉన్నది దయ్యం, తెరవకూడదు. నాకు అది తేలిక ప్రశ్నలా అనిపించింది. పక్కకు చూస్తే నా దోస్తు చెయ్యి ఎత్తి ఉంది. వెనక్కి తిరిగి చూశాను. అవ్వల దగ్గర, తాతల దగ్గర ఉంటున్న పిల్లలందరి చేతులూ దాదాపు పైకే ఉన్నాయి.

సార్ కారణాలు అడిగారు. "ఎట్లున్నా కొడుకే కద సార్" అంది నా దోస్తు. ఇంకో పిల్లవాడు లేచాడు. "మా అమ్మోళ్ళు వచ్చేది రాత్రే సార్. లారీ రోడ్డు కాడ్నే దింపిపోతది. నడిచొచ్చి తలుపు కొడతరు. మా అవ్వ భయపడి ఎవరూ అని అరుస్తది. నేనే ఉరికి తీస్త."

ఇటువైపు నుంచి మేం వాదించాం. గ్రేవ్‌లో పది రోజులున్న మనిషి మునుపటిలా ఎట్లా ఉంటాడు? మొదటి కోరిక తీరిన పద్ధతి చూశాం కదా, రెండోది మాత్రం మంచిగా తీరుతుందా? ఈ మాట అన్నవాళ్ళను సార్ మెచ్చుకున్నారు, జరిగినదాన్ని బట్టి జరగబోయేది చెప్పారు కాబట్టి. తెరవాలన్నవాళ్ళను కూడా అంతే మెచ్చుకున్నారు. తల్లి ఏం చేస్తుందో వాళ్ళు తల్లిని బట్టి చెప్పారు. ఎవరు గెలిచారో తేల్చలేదు. రెండు పక్షాల వాదనలనూ మా చేతనే ఇంగ్లీషులో రాయించారు. ఒక్కో వాక్యం, తప్పులతోనే. నా దోస్తు రాసిన వాక్యంలో 'మదర్', 'డోర్', 'ఓపెన్' తప్ప ఏమీ లేవు. మూడు మాటలనూ వరసలో పెట్టి ఇచ్చేసింది. సార్ దాన్ని దిద్దకుండానే బోర్డు మీద రాశారు.

తర్వాత చదివారు. ముసలాయనకు కోతి చెయ్యి దొరుకుతుంది. మూడో కోరిక కోరుకుంటాడు. తలుపు చప్పుడు ఆగిపోతుంది. తలుపు తెరుచుకుంటుంది, తల్లి ఏడుపు వినిపిస్తుంది. బయట రోడ్డు మీద ఎవరూ లేరు, వీధి దీపం తప్ప.

"ఏం కోరుకున్నడు సార్?" అని అందరం ఒక్కసారే అరిచాం.

"పుస్తకంల రాయలేదు. రాసినాయనే చెప్పలేదు. ఇగ మీరే చెప్పాలె" అన్నారు సార్.

ఆ కథ ఆ వారంలో మా ఊరంతా తిరిగింది. ప్రతి పిల్లా తన ఇంట్లో చెప్పింది, ప్రతి అవ్వా ఊఁ కొట్టింది. నా దోస్తు వాళ్ళ అవ్వ మొత్తం విని, దయ్యం గురించి కానీ మూడో కోరిక గురించి కానీ ఏమీ అడగలేదట. "ఆ పైసలేం జేసిండ్రే?" అని అడిగిందట. నా దోస్తు సోమవారం ఆ ప్రశ్నను సార్ దగ్గరికి తీసుకొచ్చింది. సార్ పుస్తకం తీసి చివరి పేజీలు మళ్ళీ చూసుకున్నారు. కంపెనీ ఇచ్చిన 200 పౌండ్లు ఏమయ్యాయో కథలో ఎక్కడా లేదు. "ఎన్నోసార్లు చదివిన గని ఈ ప్రశ్న నాకెన్నడూ రాలేదు. మీ అవ్వకు నా దండాలు చెప్పు" అన్నారాయన. నా దోస్తు ఆ రోజంతా సంబరపడింది.

మిల్లర్ అన్న అబ్బాయి మరుసటి ఏడు జాతర తర్వాత బడికి రాలేదు. అమ్మానాయనలతో పోయాడన్నారు. పదో తరగతి పరీక్షలకు కూడా రాలేదు. అంతకు మించి అతని సంగతి నాకు తెలియదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

నేను టీచరయ్యాక కొత్త పాఠ్యపుస్తకాలు వచ్చాయి. వాటితోపాటు ఫేస్ షీట్ కూడా వచ్చింది. పాఠం ముందు బొమ్మ చూపించి, పిల్లలతో మాట్లాడించి, పాఠంలో ఏముంటుందో ఊహింపజేయాలి. ట్రైనింగులో ఆ మాట విన్నప్పుడు మా సార్ గుర్తొచ్చి చాలా సంతోషం వేసింది. కానీ చాలా చోట్ల అది ఒక తంతుగా మారిపోయింది. బొమ్మలో ఏముంది? చెట్టు టీచర్. ఇంకా? ఆవు టీచర్. సరే, పుస్తకాలు తెరవండి. ఇట్లా అయితే దానివల్ల ఏమీ రాదు. 'ఎందుకు' అని అడగకపోతే పిల్లలు కథలోకి తిరిగి చూడరు. ఎక్కడపడితే అక్కడ ఆపినా ఉపయోగం లేదు. గుర్తులు కనీసం ఒకటిరెండు పడ్డాక, జవాబు రాకముందు ఆపాలి. ఆ చోటు దొరకడం కోసం కథను నేను ముందు చాలాసార్లు చదువుకుంటాను. మాటలు కూడా అంతే. పుస్తకం వెనక ఇచ్చిన ముప్పై మాటలు చెప్పను. ఏ మాట లేకపోతే కథ కదలదో ఆ కొన్నే బోర్డు మీదికి వస్తాయి.

2022-23 నుంచి మా బళ్ళలో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీష్, ఒక పక్క తెలుగు. పిల్లలకు మాటలు మాకన్నా చాలా తెలుసు. భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతలతో మా దిక్కు నీళ్ళు కూడా వచ్చాయి. బొంబాయి పోయే ఇళ్ళు తగ్గాయి. నేను ఆ కథ చెప్పినప్పుడు గేటు దగ్గర నిలబడ్డ మనిషిని ఇప్పటి పిల్లలు కొరియర్ అంటారు, లోన్ రికవరీ మనిషి అంటారు. కొడుకు ఫోన్ ఎందుకు చేయలేదని అడుగుతారు. అడగనిస్తాను. కథలో ఫోను లేదన్న సంగతి వాళ్ళే వెనక్కి వెళ్ళి చూసి తెలుసుకుంటారు.

ఆ అవ్వ ప్రశ్నను మాత్రం ప్రతి తరగతికీ ఇస్తాను. కథ అయిపోయాక ఆ 200 పౌండ్లు ఏమయ్యాయో రాయాలి. పారేశారని రాస్తారు. గుడికో చర్చికో ఇచ్చేశారని రాస్తారు. కొడుకు సమాధి కట్టించారని చాలామంది రాస్తారు. పోయిన ఏడాది ఒక అమ్మాయి, ఇంటి అప్పు కట్టేశారని రాసింది. మిగతా పిల్లలు ఒప్పుకోలేదు. కొడుకు ప్రాణం పోయి వచ్చిన డబ్బుతో ఎవరైనా అప్పు కడతారా అని కోప్పడ్డారు.

మా సార్ రిటైరై వనపర్తిలో ఉంటున్నారు. పండుగలకు ఫోన్ చేస్తుంటాను. ఈ సంగతి చెబితే ఆయన వెంటనే "కారణం రాసిందా?" అన్నారు.

"రాసింది సార్. అప్పు తీరితే నాన్న సంతోషంగా ఉంటడని మొదటి రాత్రి కొడుకే అన్నడు, కాబట్టి అప్పే కడతరు అని రాసింది."

"ఏదీ, ఆమె ఇంగ్లీష్ వాక్యం అట్లనే చదువు" అన్నారు. నోటుబుక్కు నా దగ్గరే ఉంది. చదివి వినిపించాను. ఒకచోట కాలం తప్పింది, అక్కడ "దిద్దకు, ముందుకు చదువు" అన్నారు.